కాపరి ఇంట్లోనే తప్పిపోయిన గొర్రెపిల్ల

మన పిల్లలు బడిలో మొదట చేరే తరగతులు ఎల్‌కేజీ, యూకేజీ. ఆ 'కేజీ' వెనుక ఉన్నది కిండర్‌గార్టెన్ అనే జర్మన్ మాట. పిల్లల తోట అని దాని అర్థం. ఆ పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ఒక పాస్టరుగారి కొడుకు. ఆయన జీవితాన్ని మన సంఘాలు, ముఖ్యంగా పరిచర్యలో ఉన్న కుటుంబాలు తెలుసుకోవాలని మేము కోరుతున్నాం.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియా అడవి ప్రాంతంలో ఓబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్లో పుట్టారు. తొమ్మిది నెలలకే తల్లి చనిపోయింది. తండ్రి లూథరన్ సంఘ కాపరి. చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల విశ్వాసుల భారం ఆయన మీదే ఉండేది. ఆ భారాన్ని నమ్మకంగా మోశారు గానీ, ఇంట్లో ఉన్న చిన్నవాడికి ఇవ్వడానికి ఆయన దగ్గర సమయం మిగల్లేదు. పసివాడు పనివాళ్ల చేతుల్లో, అన్నల చేతుల్లో పెరిగాడు.

కొంతకాలానికి సవతి తల్లి వచ్చింది. మొదట్లో ఆమె ప్రేమగానే చూసింది. అమ్మ దొరికిందని పిల్లవాడు పొంగిపోయాడు. ఆమెకు సొంత కొడుకు పుట్టాక పరిస్థితి మారింది. అప్పటిదాకా చనువుగా 'నువ్వు' అని పిలిచిన ఆమె, పరాయివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడడం మొదలుపెట్టింది. పెద్దలకు అది చిన్న సంగతే. ఫ్రోబెల్ మాత్రం నలభై ఏళ్లు దాటాక కూడా ఆ మార్పును గుర్తుచేసుకుని ఒక ఉత్తరంలో రాశారు. తండ్రి చదవడం నేర్పబోయి, అది త్వరగా రాకపోయేసరికి వీడు మందబుద్ధి అనుకున్నారు.

పదేళ్ల వయసులో దేవుడు ఒక ద్వారం తెరిచాడు. మేనమామ హోఫ్‌మన్ ఆ పిల్లవాణ్ణి స్టాట్‌ఇల్మ్ అనే ఊరికి తీసుకెళ్లారు. ఆయనా దైవసేవకుడే. రెండు ఇళ్లలోనూ ఒకే బైబిలు, ఒకే బోధ. తేడా ఒక్కటే. తండ్రి ఇంట్లో పిల్లవాడి మీద అనుమానం ఉండేది, మేనమామ ఇంట్లో నమ్మకం ఉండేది. తోటి పిల్లలతో ఆడుకోనిచ్చారు, స్వేచ్ఛగా తిరగనిచ్చారు. ముడుచుకుపోయిన పిల్లవాడు అక్కడ విచ్చుకున్నాడు.

తర్వాత ఫ్రోబెల్ అడవుల శాఖలో పని నేర్చుకున్నారు, సర్వే పనులు చేశారు. 1805లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉపాధ్యాయుడయ్యాక తన పిలుపు ఇదేనని గ్రహించారు. 1813లో, పాస్టరుగా ఉన్న ఆయన అన్న క్రిస్టోఫ్, జబ్బుపడిన సైనికులకు సేవ చేస్తూ టైఫస్ జ్వరంతో కన్నుమూశారు. తండ్రిలేని ఆ పిల్లల కోసం ఫ్రోబెల్ బెర్లిన్‌లో ఉద్యోగం వదిలి వచ్చి, 1816లో అన్నల పిల్లలు అయిదుగురితో ఒక బడి మొదలుపెట్టారు.

ఎంతోమంది పిల్లలను చూసిన తర్వాత ఆయనకు ఒకటి రూఢి అయింది. బడికి వచ్చేనాటికే మనసు పునాది పడిపోతుంది. ఆ పునాది తల్లి ఒడిలో, ఆటలో పడుతుంది. అందుకే 1837లో, 55 ఏళ్ల వయసులో, బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల ఆటల కోసం ఒక సంస్థ ప్రారంభించారు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. ఆయన తయారుచేసిన మొదటి ఆటవస్తువు రంగురంగుల మెత్తని ఉన్ని బంతి. దారానికి కట్టి ఊపితే బంతి కనిపిస్తుంది, మరుగవుతుంది, మళ్లీ వస్తుంది. మన తల్లులు పసివాళ్లతో ఆడే దోబూచి కూడా ఇదే పాఠం చెబుతుంది: కనుమరుగైన అమ్మ తిరిగి వస్తుంది. 1844లో తల్లులు బిడ్డలను ఆడించడానికి పాటలు, చేతివేళ్ల ఆటలతో ఒక పుస్తకం తెచ్చారు. తొమ్మిది నెలలకే తల్లిని పోగొట్టుకున్న మనిషి చేసిన పని ఇది.

1851లో ప్రష్యా ప్రభుత్వం ఆయన బడులు నాస్తికత్వం నేర్పుతున్నాయని నిషేధించింది. దేవుణ్ణి పునాదిగా పెట్టుకున్న వ్యక్తి మీద అలాంటి నింద పడింది. మరుసటి ఏడు జూన్ 21న ఆయన మరణించారు. 1860లో గానీ నిషేధం తొలగలేదు. 1951లో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో, పసితనంలో తల్లి ప్రేమ కరువైతే మనసుకు కలిగే నష్టాన్ని ప్రపంచం ముందు పెట్టారు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. కుటుంబ ప్రార్థనలు, ఉపవాస కూడికలు, రాత్రి కూటాలు అంటూ తిరిగే సేవకుని ఇంట్లో చంటిబిడ్డ ఎవరి ఒడిలో ఉంది? ఆరాధనలో అల్లరి చేయకుండా ఆ చేతికి ఫోను ఇచ్చి ఊరుకుంటున్నామా? మూడేళ్లవాడు అక్షరాలు దిద్దలేదని మొద్దు అనే ముద్ర వేస్తున్నామా? ప్రభువు శిష్యులను గద్దించి మరీ చిన్నపిల్లలను దగ్గరికి తీసుకున్నాడు, ఎత్తి కౌగిలించుకున్నాడు. వాళ్లకు ఆయన పరీక్ష పెట్టలేదు.

సంఘాలకు మా మనవి ఒకటే. వారంలో ఒక సాయంకాలం మీ పాస్టరుగారిని పిల్లల దగ్గర ఉండనివ్వండి. ఆ పూట ఫోను చేయకండి. అలాగే మీ వీధిలో, మీ సండే స్కూల్లో ముడుచుకుపోయిన పిల్లవాడు ఎవరైనా ఉంటే, హోఫ్‌మన్ మామయ్య చేసిన పని మీరు చేయండి.