చైనా గోడ - గోష్ఠ పాల్

గెలిచే జట్టును అంటిపెట్టుకొని ఉండటం ఎవరికైనా సులభమే. కోరుకొన్న విజయం ఏళ్ల తరబడి చేజారుతున్నా ఒకే జట్టును నమ్ముకొని నిలవటం కొందరికే సాధ్యం. అటువంటివారిలో అగ్రగణ్యుడు వంగదేశపు ఫుట్‌బాల్ క్రీడాకారుడు గోష్ఠ పాల్.

ఆయన 1896 ఆగస్టు 20న అవిభక్త బెంగాల్‌లోని ఫరీద్‌పూర్ జిల్లా భోజేశ్వర్ గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. చిన్నతనంలోనే కలకత్తా చేరి, పదకొండేళ్ల ప్రాయం నుండి కుమార్‌టులి జట్టులో ఆడసాగాడు.

అది బెంగాల్ విభజనతో ప్రజల హృదయాలు రగులుతున్న కాలం. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదిపోరులో మోహన్ బగాన్, ఆంగ్లేయ సైనికుల ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌తో తలపడింది. పొరుగు జిల్లాల నుండి రైళ్లలో, పడవలలో జనం తరలివచ్చారు. మైదానం కనిపించనంత దూరంలో నిలిచినవారికి గాలిపటాలు ఎగురవేసి గోలుల సంఖ్య తెలిపారు. ఒక్కరు తప్ప తక్కినవారందరూ బూట్లు లేకుండా ఆడిన మోహన్ బగాన్ జట్టు 2-1 తేడాతో గెలిచింది. నగరమంతా ఆనందసాగరంలో ఓలలాడింది. అప్పటికి గోష్ఠ పాల్‌కు పదిహేనేళ్లు నిండలేదు. బెంగాల్‌లో బంతి తన్నే ప్రతి బాలునికీ ఆ జట్టు ఆనాటి నుండి ఆరాధ్యమైంది.

అనతికాలంలోనే ఆయనకు ఆ జట్టులో స్థానం లభించింది. విజేతల జట్టులోని రాజేన్ సేన్‌గుప్తా ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. బలిష్ఠమైన దేహం, చెదరని ధైర్యం గల గోష్ఠ పాల్ రక్షణ పంక్తిలో ఫుల్‌బ్యాక్‌గా స్థిరపడ్డాడు. బూట్లు ధరించిన సైనికులు దూసుకువస్తుంటే వట్టికాళ్లతో ఎదురు నిలిచి బంతిని అడ్డగించేవాడు. ఆ పటిమకు మెచ్చి ప్రజలు ఆయనను చైనా గోడ అని పిలుచుకొన్నారు. 1921 నుండి ఐదేళ్లు ఆయన జట్టుకు నాయకత్వం వహించాడు.

1920లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ వెలసింది. తూర్పు ప్రాంతీయులు దానిని తమ జట్టుగా అభిమానించారు. గోష్ఠ పాల్ కూడా ఆ ప్రాంతంవాడే. అయినా మోహన్ బగాన్‌తో ఆయన అనుబంధం సడలలేదు. 1923లో షీల్డు అందినట్లే అంది, తుదిపోరులో కలకత్తా క్లబ్ చేతిలో పరాజయం ఎదురైంది. లీగులోనూ ప్రథమస్థానం దక్కలేదు. 1935లో ఆయన ఆట నుండి విరమించాడు. మోహన్ బగాన్ తొలిసారి లీగు విజేతగా నిలిచింది 1939లో; షీల్డును తిరిగి గెలిచింది 1947లో. ఈ విధంగా ఆ రెండు కీర్తులూ ఆయన రాకకు ముందో, నిష్క్రమణ తరువాతో జట్టును వరించాయి. ఐనప్పటికీ ఆ క్లబ్ చరిత్రలో ఆయన పేరు విజేతల పేర్ల సరసనే నిలిచింది.

1962లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. ఆ గౌరవం పొందిన తొలి ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఆయనే. 1976లో ఆయన కన్నుమూశాడు. 1998లో తపాలాశాఖ ఆయన స్మృతిచిహ్నంగా బిళ్లను వెలువరించింది. 2004లో మోహన్ బగాన్ మరణానంతరం తన రత్న పురస్కారాన్ని అర్పించింది. కోల్‌కతా మైదాన్ ప్రాంతంలో ఆయన విగ్రహం నేటికీ దర్శనమిస్తుంది.

బహుమతులను లెక్కించేవారికి గోష్ఠ పాల్ జీవితంలో వెలితి కనిపించవచ్చు. నమ్మిన జట్టు కోసం ఓటమిలోనూ చెక్కుచెదరక నిలవటమే ఆయన సాధించిన ఘనవిజయం.