ఒంటినే ప్రయోగశాల చేసుకున్న హాల్డేన్

1954లో వచ్చిన 'దెమ్!' అనే అమెరికన్ సినిమాలో అణుబాంబు పరీక్షల వల్ల చీమలు మనిషిని మించి పెరుగుతాయి. ఎడారిలో పుట్టి లాస్ ఏంజిల్స్ వరద కాలువల దాకా వస్తాయి. మరుసటి ఏడు 'టరాంటులా'లో ప్రయోగశాల నుంచి తప్పించుకున్న సాలీడు ఊళ్ళ మీద పడింది. తక్కువ పెట్టుబడితో అలాంటివి ఆ పదేండ్లలో చాలా తీశారు. అన్నిటిలోనూ ఒకటే తంతు: సైంటిస్టు ఏదో చేస్తాడు, జనం చస్తారు.

అంత జంతువు నిలబడలేదని తెలిసే లెక్క 1926లోనే జె.బి.ఎస్. హాల్డేన్ ఒక వ్యాసంలో చెప్పాడు. ఆ లెక్క మన పొలంగట్టు చీమకు వేసి చూడండి. 5 మిల్లీమీటర్ల చీమను రెండున్నర మీటర్లు చేస్తే పొడవు 500 రెట్లు. కాలి అడ్డుకోత వైశాల్యం, అంటే దాని బలం, రెండున్నర లక్షల రెట్లే పెరుగుతుంది. బరువు మాత్రం 12.5 కోట్ల రెట్లు! కాళ్ళు విరిగి కూలబడుతుంది. పైగా చీమకు ఊపిరితిత్తులు లేవు. సన్నటి గొట్టాల్లోంచి గాలి అంత ఒంట్లోకి పారదు.

ఇంత చెప్పిన హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి గనుల్లోని వాయువులను పరిశోధించేవాడు. ఒకసారి కొడుకును గనిలోకి తీసుకుపోయి, నిలబడి ఒక ప్రసంగం అప్పజెప్పమన్నాడు. పిల్లవాడు కాసేపటికి కూలబడ్డాడు. కింద గాలి బాగుండి తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలిక అని ఆ పాఠం!

పెద్దయ్యాకా అదే పద్ధతి. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోతే, ఆయన మూసిన గదిలో కూర్చొని, చెడ్డగాలి మనిషిని ఏం చేస్తుందో తన మీదే చూసుకున్నాడు. ఒక ప్రయోగంలో మూర్ఛ వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. జన్యుశాస్త్రానికి గణితం జోడించిన ముగ్గురిలో ఆయన ఒకడు. అయితే కమ్యూనిస్టు అభిమానం వల్ల లైసెంకో తప్పులను చాలాకాలం గట్టిగా ఖండించలేకపోయాడు. అది నాకు నచ్చదు.

1957లో బ్రిటన్ వదిలి కలకత్తా వచ్చాడు. సూయజ్ మీద దాడి కూడా ఒక కారణం. కుర్తా తొడిగాడు, మాంసం మానాడు, మన పౌరుడయ్యాడు. అక్కడ ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో పిఠాపురం వాడు ద్రోణంరాజు కృష్ణ ఒకడు. గురువు జీవితచరిత్ర రాసింది ఈయనే.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. శవాన్ని దహనం చేయవద్దని, వైద్య విద్యార్థులకు ఇవ్వమని ముందే రాసిపెట్టాడు. దాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి పంపారు.

సెలవుల్లో మా కనకమామిడి పోయినప్పుడు ఈ సంగతి ఇంట్ల చెప్పిన. నాయన ఏం మాట్లాడలేదు. మరి దినాలు ఎట్ల చేసిండ్రని అమ్మ అడిగింది.