హార్లెం సంగీత ప్రభువు - డ్యూక్ ఎల్లింగ్టన్

దొంగసారా వర్తకుల ధనంతో నడిచిన నాట్యశాలలో ఉత్తమ సంగీతం వికసించిందంటే నమ్మడం కష్టం. అయినను ఇరువదవ శతాబ్దపు అమెరికాలో అది జరిగింది. దానిని సాధించిన మహనీయుడు ఎడ్వర్డ్ కెన్నెడీ ఎల్లింగ్టన్. లోకానికి ఆయన ‘డ్యూక్’ ఎల్లింగ్టన్‌గానే తెలుసు. డ్యూక్ అనగా ప్రభువు. ఆ బిరుదు ఏ రాజూ ఇచ్చినది కాదు; నడవడిలోను, వేషధారణలోను అతని హుందాతనం చూచి బాల్యమిత్రులు పెట్టిన ముద్దుపేరు.

ఎల్లింగ్టన్ 1899 ఏప్రిల్ 29న వాషింగ్టన్ నగరంలో జన్మించినాడు. తండ్రి శ్రీమంతుల ఇండ్లలో విందులు నిర్వహించే పరిచారకుడు. అధ్యక్షభవనంలో కూడ అప్పుడప్పుడు ఆ పని చేసినవాడు. తల్లి డెయిజీ పియానో వాయించేది. బాలునికి మొదట చిత్రలేఖనంపై మక్కువ. న్యూయార్కులోని ప్రసిద్ధ చిత్రకళాశాల విద్యార్థివేతనం ఇవ్వజూపినా సంగీతంపై మోజుతో కాదన్నాడు. జీవనార్థం నాట్యశాలలకు ప్రకటన బోర్డులు వ్రాసేవాడు. వ్రాయించుకొనేవారికి వాద్యబృందం కూడ కావాలేమోనని అడిగేవాడు!

1923లో ఆయన న్యూయార్కు చేరేనాటికి ఆ దేశంలో మద్యనిషేధం అమలులో ఉన్నది. 1920లో ఆరంభమైన ఆ శాసనం 1933 వరకు నిలిచింది. చట్టం మద్యాన్ని నిషేధించినదే కాని దాహాన్ని నిషేధించలేకపోయింది. వ్యాపారం హంతకముఠాల చేతికి పోయింది. 1992 నాటి దూబగుంట స్త్రీల ఉద్యమాన్ని, 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని, 1997లో దాని సడలింపును చూచిన తెలుగువారికి ఈ చిక్కు కొత్త కాదు.

అట్టి ముఠానాయకులలో ఓనీ మ్యాడెన్ ఒకడు. న్యూయార్కులో నల్లవారు నివసించే హార్లెం పేటలో అతనికి ‘కాటన్ క్లబ్’ అనే విలాసశాల ఉండేది. 1927 డిసెంబరు 4న ఎల్లింగ్టన్ బృందం అక్కడ కొలువు చేరింది. ఆ శాలలో పాడేవారు, ఆడేవారు, వడ్డించేవారు నల్లవారు. కూర్చుండి చూచేవారు మాత్రం తెల్లవారు. అలంకరణలో పూర్వపు బానిసల పత్తితోటల ఛాయలు ఉండేవి. ఒక జాతి దుఃఖం మరొక జాతికి వినోదసామగ్రి అయింది.

రాజాశ్రయాన్ని తిరస్కరించిన పోతనను మనం గౌరవిస్తాము. రాజసభలలో వెలిగిన శ్రీనాథుని కూడ గౌరవిస్తాము. ఎల్లింగ్టన్‌కు పోతన మార్గం అందుబాటులో లేదు. నల్లజాతి కళాకారునికి నాడు పెద్ద సభాభవనాల తలుపులు తెరచుకొనేవి కావు. కాబట్టి దొరికిన వేదికనే పాఠశాలగా మార్చుకొన్నాడు. ప్రేక్షకులు కోరినది అడవిమనుషుల సంగీతం. ఆయన వారికి ఇచ్చినది అపూర్వమైన నాదసృష్టి. బబ్బర్ మైలీ తన బాకా ముఖానికి రబ్బరు గిన్నె అడ్డుపెట్టి, మనిషి ఏడ్చినట్లు, గర్జించినట్లు పలికించేవాడు. ఆ ధ్వనిని ఎల్లింగ్టన్ వింతగా వదలక రచనలో భాగం చేసినాడు.

జాజ్‌లో మన స్వరకల్పన వలె వాద్యకుని మనోధర్మానికి చోటున్నది. ఎల్లింగ్టన్ విశేషమేమనగా, ఆయన వాద్యానికి కాక వాయించే మనిషికి స్వరం వ్రాసినాడు. రేడియో ఆ సంగీతాన్ని దేశమంతటా వినిపించింది. క్లబ్ గడప దాటనీయని ప్రజల ఇండ్లలోకి కూడ అది ప్రవేశించింది. కళ వర్ణభేదాన్ని దాటిన తీరు ఇది.

1931లో ఆయన ఆ కొలువు విడిచినాడు. దక్షిణ రాష్ట్రాలలో హోటళ్లు నల్లవారికి గది ఇవ్వని కాలంలో, రైలుపెట్టెలను అద్దెకు తీసుకొని బృందాన్ని గౌరవంగా తిప్పినాడు. 1943లో కార్నెగీ హాలులో తన జాతి చరిత్రను సుదీర్ఘ వాద్యప్రబంధంగా వినిపించినాడు.

1963లో అమెరికా ప్రభుత్వం పంపగా ఆసియా యాత్రకు వచ్చినాడు. ఆ యాత్రాక్రమంలో హైదరాబాదు, మద్రాసు నగరాలు కూడ ఉన్నవి. ఢిల్లీలో ఆయన జబ్బుపడినాడు. నవంబరులో కెన్నెడీ హత్యతో యాత్ర అర్ధాంతరంగా ముగిసింది. అయినా ఆ అనుభవం 1966లో ‘ఫార్ ఈస్ట్ సూట్’గా రూపొందింది. అందులో సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ ఢిల్లీలో విన్న గోరువంక కూత ఉన్నది. ఆగ్రా పేర ఒక రచన ఉన్నది.

1965లో పులిట్జర్ న్యాయనిర్ణేతలు ఆయనకు ప్రత్యేక సత్కారం సిఫారసు చేయగా పైసంఘం నిరాకరించింది. ఆ గౌరవం 1999లో, మరణానంతరం దక్కింది. 1969లో డెబ్బదవ జన్మదినాన, తండ్రి వడ్డన చేసిన అధ్యక్షభవనంలోనే కుమారునికి విందు, దేశపు స్వాతంత్ర్య పతకం లభించినవి. 1974 మే 24న ఆయన అస్తమించినాడు.

1984లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ‘ది కాటన్ క్లబ్’ చిత్రం తీసినాడు. తెరపై ముఠాల తుపాకులు మ్రోగినవి. వాటి నడుమ ఎల్లింగ్టన్ బాణీలు వినిపించినవి. బాబ్ విల్బర్ పాత వాద్యరచనలను పునర్నిర్మించగా, జాన్ బారీ తక్కిన నేపథ్యసంగీతం సమకూర్చినాడు. 1986లో ఆ సంగీతానికి గ్రామీ బహుమతి వచ్చింది.

మ్యాడెన్ వంటివారు ఆ శాలకు యజమానులమని తలచినారు. కాని నేడు వారి పేర్లు ఎల్లింగ్టన్ చరిత్రలో ప్రాసంగికంగా మాత్రమే వస్తున్నవి. కళాకారుడు ఎవరి ఇంట పాడినాడన్నది చరిత్ర తప్పక అడుగుతుంది. అక్కడ ఏమి పాడినాడన్నదే కడపటి తీర్పు.