వీరేశలింగం ఇంటికి నీళ్లు ఎవురు మోసినారు?

కందుకూరి వీరేశలింగం పేరు చెప్తే మన పిలకాయలకు పరీక్షలో వచ్చే రెండు మార్కుల ప్రశ్న గుర్తొస్తాది. తెలుగునాట పేరుపడిన తొలి వితంతు వివాహం ఎప్పుడు, యాడ? 1881 డిసెంబరు 11, రాజమండ్రి అని రాసేస్తే అయిపాయె. ఆ పెళ్లికి డబ్బు ఎవురిచ్చినారు, వంట ఎవురు చేసినారు, వాకిట్లో కాపలా ఎవురు నిలబడినారు అని ఏ పరీక్షలోనూ అడగరు. నాకు మాత్రం ఆయన బతుకులో అసలు కత ఆడే ఉండాదని అనిపిస్తాది.

రాజమండ్రి సంగతి తిరపతోనికి ఎందుకబ్బా అంటారేమో. తిరపతి గూడా సగం సామి మీద, సగం చదువుకునే పిలకాయల మీద బతికే ఊరే కదా. రూములు, మెస్సులు, జిరాక్సు అంగళ్లు, టీ బంకులు. ఇరవై ఏండ్ల కిందట నేను అట్లాంటి ఒక వీధిలో మెస్సులకు కూరగాయలు ఏసేవాణ్ని. రూము కోసం వచ్చిన పిలకాయను కొందరు ఇంటోళ్లు బాడుగ సంగతి మాట్లాడకముందే మీరేమిటోళ్లు అని అడిగేది నా చెవులారా విన్నా. చదువుల ఊర్లో కూడు, నీళ్లు, ఉండేదానికి గది ఎవురి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదే. వీరేశలింగం కాలంలో ఇది ఇంకా బాహాటంగా ఉండేది.

ఆయన పుట్టింది 1848 ఏప్రిల్ 16న, రాజమండ్రిలోనే. నాలుగేండ్లకే నాయన సుబ్బారాయుడు పోతే పెదనాయన వెంకటరత్నం సాకినాడు. చిన్నప్పటి నుంచి జబ్బు మనిషి. అదే కాలంలో ఊరికి దగ్గర్లో ధవళేశ్వరం తావ కాటన్ దొర ఆనకట్ట కడతా ఉండాడు. 1847లో మొదలుపెట్టి 1852కు ముగించినారు. దాంతో ఆ సీమ రూపే మారిపాయె. కాలవల కింద వరి, కాలవల్లో పడవలు, ఆ పడవల్లో వడ్లు, కాకినాడ రేవులో వర్తకం. రైలు ఇంకా రాలేదు, గోదారి మీద వంతెన ఇంకా లేదు. సరుకైనా మనిషైనా పడవెక్కాల్సిందే. చేతిలో నాలుగు రూకలు ఆడిన కుటుంబాలు కొడుకులను ఇంగ్లీషు చదువుకు తోలినాయి. ఒక మాట ఈడ చెప్పాల. 1876, 77, 78లో మా రాయలసీమ ధాత కరువులో మాడిపోతా ఉండాది. గంజి కేంద్రాల కాడ జనం రాలిపోతా ఉండారు. నీళ్లున్న చోట కాలేజీ, సంస్కరణ, పత్రిక వచ్చినాయి. నీళ్లు లేని చోట వలస వచ్చింది. సంఘ సంస్కరణ చరిత్ర రాసేవాళ్లు ఆనకట్ట లెక్క గూడా పక్కన పెట్టుకుని రాస్తే బాగుంటాది.

రాజమండ్రిలో 1853లో పెట్టిన సర్కారు బడే 1870లలో కాలేజీ అయింది. చుట్టుపక్కల ఊర్ల నుంచి పిలకాయలు వచ్చినారు. ఇప్పటి మాదిరి హాస్టళ్లు యాడివి? చుట్టాలుంటే చుట్టాలింట్లో, లేకుంటే వారాలు చేసుకోవడం. అంటే సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో తినడం. అది బాపన పిలకాయలకు దొరికిన వసతి, మిగతా కులాల పిలకాయలకు ఆ దారి గూడా లేదు. రవ్వంత డబ్బుంటే పూటకూళ్ల ఇల్లు. ఈ పూటకూళ్లు పెట్టుకుని బతికినోళ్లలో శానామంది మొగుడు చచ్చిపోయిన ఆడోళ్లు. తల గొరిగించి, ఒంటి పూట తిననిచ్చి, శుభకార్యంలో ఎదురు రావద్దని మూల కూర్చోబెట్టిన ఆడది, ఊరి పిలకాయలకు దినామూ అన్నం వండిపెట్టొచ్చు. దానికి శాస్త్రం అడ్డం రాలేదు. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఊరికే రాలేదు, కాలేజీ ఊర్లలో కండ్ల ముందర కనపడే మనిషి ఆమె.

వీరేశలింగం చదువు ముగించి కోరంగిలో, ధవళేశ్వరంలో పంతులుద్యోగం చేసినాడు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టినాడు. అదే ఏడాది ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచినాడు. పత్రిక మొదట మద్రాసులో అచ్చయ్యేది, ఆనక రాజమండ్రిలోనే సొంతంగా అచ్చుకూటం పెట్టుకున్నాడు. అచ్చుకూటం ఉంటే ఎంత బలమో నాలాగ కరపత్రాలు అచ్చేయించుకునే దానికి తిరిగినోళ్లకు తెలుస్తాది. కోర్టుల్లో లంచాలు, వకీళ్ల మోసాలు, పెద్దమనుషుల భోగం మేళాలు, అన్నీ వాడుకకు దగ్గరి తెలుగులో ఉతికి ఆరేసినాడు. పెద్దోళ్లకు కోపం వచ్చింది, చిన్నోళ్లు ఎగబడి చదివినారు. రాజమండ్రి కాలేజీలో తెలుగు పండితుడుగా చేరినాక ఆ చిన్నోళ్లే ఆయన ముందర బెంచీల మీద కూర్చున్నారు.

1879 ఆగస్టులో వితంతు వివాహాల మీద బహిరంగంగా మాట్లాడినాడు. పండితులు శాస్త్రాలు తెచ్చి వాదానికి దిగినారు. ఈయనా శాస్త్రాలే తెచ్చి తిప్పికొట్టినాడు. వాదం రెండేండ్లు సాగింది. వాదంలో గెలిస్తే పెళ్లి జరగదు కదా. పెళ్లికి పిల్ల కావాల, పిల్లోడు కావాల, పురోహితుడు కావాల, అన్నిటికన్నా ముందు డబ్బు కావాల. చేసుకున్నోళ్లను ఊరు వెలేస్తే వాళ్లు బతికేదానికి దారి చూపియ్యాల. పండితుని జీతంతో అయ్యే పని కాదు. ఆడ ఆదుకున్నోడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. వేల రూపాయలు ఇచ్చినాడు. ఆయన రాజమండ్రోడు కాదు, బాపనోడూ కాదు, వైశ్యుడు. రేవు వర్తకం చేసుకునేవాని డబ్బు మీద రాజమండ్రి అగ్రహారానికి పెత్తనం తక్కువ. అందుకే ఆయన ఇయ్యగలిగినాడని నా లెక్క.

రెండో బలం పిలకాయలు. 1881 డిసెంబరు 11 రాత్రి వీరేశలింగం ఇంట్లో గోగులపాటి శ్రీరాములుకు, చిన్నతనంలోనే మొగుణ్ని పోగొట్టుకున్న గౌరమ్మకు పెళ్లి జరిగింది. ఊరు అట్టుడికిపోయింది. పెళ్లి చెడగొడతారని, కొడతారని పుకార్లు. పోలీసులు వచ్చినారు. వాళ్లతో పాటు కాలేజీ పిలకాయలు గుంపుగా వచ్చి ఇంటి చుట్టూ కాపలా నిలబడినారు, ఊరేగింపు పక్కన నడిచినారు. బసవరాజు గవర్రాజు లాంటి చదువుకున్న కుర్రోళ్లు అన్ని పనులకూ ముందున్నారు. ఆ కాపలా కాసిన పిలకాయల్లో ఎంతమంది వారాల కూడు తిని చదువుకునేవాళ్లో ఒకసారి ఆలోచన చేయండి. ఏ ఇంటి వాకిట్లో విస్తరేస్తే వీళ్ల కడుపు నిండతాదో, ఆ ఇంటోళ్లకే ఎదురు నిలబడినారు. నాలుగు దినాలకే, డిసెంబరు 15న, రెండో పెళ్లి జరిగింది.

ఆనక మొదలైంది అసలు శిక్ష. శంకరాచార్య పీఠం నుంచి వెలి శ్రీముఖం వచ్చింది. వంటమనిషి రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు, పురోహితుడు గడప తొక్కలేదు. చుట్టాలు రాకపోకలు మానేసినారు. పెళ్లిలో పంక్తిన కూర్చుని తిన్న పెద్దమనుషుల్లో శానామంది ప్రాయశ్చిత్తం చేసుకుని కులంలో కలిసిపోయినారు. ఉపన్యాసం అప్పుడు చప్పట్లు కొట్టినోళ్లే వాళ్లు! ఈ కాలం సంఘాల్లో గూడా ఈ రకం మనుషులను నేను శానామందిని చూసినా.

ఆ ఇంట్లో నిలబడిన మనిషి రాజ్యలక్ష్మమ్మ. ఆయన భార్య. పుట్టింట్లో పెట్టిన పేరు బాపమ్మ. 1861లో పిల్లతనంలోనే ఆ ఇంటికి వచ్చింది. నీళ్లు తెచ్చేవాళ్లు మానుకుంటే ఆమె బిందె ఎత్తుకుని గోదారికి పోయి నీళ్లు మోసుకొచ్చింది. వంటమనిషి మానుకుంటే వచ్చినోళ్లందరికీ తానే వండింది. పెండ్లి కూతుర్లను కడుపున పుట్టినోళ్ల మాదిరి చూసుకుంది. మొగుడు పత్రికలో రాస్తే ఊరంతా ఆయన్ని తిట్టింది, రేవు కాడ నీళ్లు ముంచుకునేటప్పుడు తోటి ఆడోళ్ల చూపులు పడింది మాత్రం ఈమె. సంస్కర్త విగ్రహాలు ఊరూరా ఉండాయి. బిందెతో ఉన్న రాజ్యలక్ష్మమ్మ విగ్రహాన్ని నేను ఇంతవరకు యాడా చూళ్లేదు.

ఆ జంట చేతుల మీదగా నలభై దాకా పెళ్లిళ్లు జరిగినాయి. ఈడ నాకొక పేచీ ఉంది. వితంతువుకు మళ్లీ పెళ్లి అనేది మా ఊర్లలో కష్టం చేసుకునే కులాలకు కొత్త సంగతి కాదు. మారుమనువు అని ఎప్పట్నుంచో ఉండాది, కులపెద్ద ముందర తాంబూలం మార్చుకుంటే అయిపోయేది. అగ్రకులాల ఇండ్లలో ఉన్న రోగాన్ని తెలుగుదేశం మొత్తం రోగంగా చరిత్రలో రాసినారు. మారుమనువు ఆచారం ముందే ఉన్న జనాన్ని సంస్కర్తలు పంతులుగా అడిగి ఉంటే వాదానికి శాస్త్రాలు ఎతుక్కునే పని తప్పేది. వీరేశలింగం తప్పు ఇదొక్కటే అని నేననను, అయినా ఆయన కాలానికి ఆయన పోయినంత దూరం ఇంకెవురూ పోలేదు.

వెలి మాత్రం 1881తో పోలేదు. వేరే కులంలో పెళ్లి చేసుకున్న జంట ఊర్లోకి వస్తే ఇప్పటికీ పంచాయితీ కూర్చుంటాది. తప్పు కట్టమంటారు. కట్టకుంటే అంగడోడు సరుకియ్యగూడదు, బోరింగు కాడికి రాగూడదు, సావుకు ఎవురూ పోగూడదు. ఎస్సీ, ఎస్టీల మీద ఇట్లాంటి సామాజిక, ఆర్థిక బహిష్కారం పెడితే అట్రాసిటీ చట్టం కింద నేరమని 2015 సవరణలో రాసినారు. మహారాష్ట్ర 2016లో అందరికీ వర్తించేటట్ల ఒక చట్టమే చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వీరేశలింగం జయంతికి దండలేసే మంత్రులను ఆ చట్టం సంగతి అడగండి.

చివరి కాలంలో వీరేశలింగం తన ఆస్తంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చేసినాడు, బడికి, వితంతు శరణాలయానికి. రాజ్యలక్ష్మమ్మ 1910లో పోయింది. ఆయన 1919 మే 27న మద్రాసులో కన్ను మూసినాడు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో పెండ్లి చేసుకున్న జంటలకు పుట్టిన పిల్లలు మాత్రం అప్పటికే పెద్దోళ్లయి, బడులకు, కాలేజీలకు పోయి ఉంటారు.