కర్ర రెక్కలకు బలం చేకూర్చిన విల్బర్ రైట్

విమానం అనగానే మనకు రైట్ సోదరులు గుర్తుకొస్తారు. వారిలో పెద్దవాడైన విల్బర్ జీవితం మనలాంటి హాస్టల్ విద్యార్థులు తెలుసుకోదగినది.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించాడు. హైస్కూలు చదువు ముగిసే సమయానికి కుటుంబం ఊరు మారడంతో సర్టిఫికెట్ అందుకోలేదు. తర్వాత హాకీ ఆడుతుండగా ముఖానికి పెద్ద దెబ్బ తగిలింది. కాలేజీ ఆశ అక్కడితో ఆగింది. క్షయతో మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ ఇంట్లోని పుస్తకాలు ఎన్నో చదివాడు. 1892లో తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్ పట్టణంలో సైకిల్ దుకాణం పెట్టాడు. విమానం భాగాలు తయారైంది ఆ దుకాణంలోనే.

కర్ర విమానంతో పెద్ద చిక్కు ఉంది. కర్ర లావైతే బరువెక్కి ఎగరదు, సన్నమైతే విరుగుతుంది. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఊగే బల్లను వడ్రంగికి ఇస్తే కాళ్లు లావు చేయడు, ఐమూలగా ఒక పట్టీ కొడతాడు. వంతెనల ఇంజనీరు ఆక్టేవ్ చానూట్ 1896లో తన గ్లైడర్‌కు ఇలాంటి పద్ధతే వాడాడు. విల్బర్ దాన్ని అనుసరించాడు. పై రెక్కకూ కింది రెక్కకూ నడుమ గుంజలు నిలిపి, ఐమూలగా ఉక్కు తీగలు బిగించాడు. నొక్కుడును గుంజలు, లాగుడును తీగలు మోశాయి. గుడ్డను కూడా నూలు పోగులు ఏటవాలుగా వచ్చేటట్లు కుట్టారు. దానితో గుడ్డ కూడా రెక్కకు బలమైంది. అయితే విమానం ఒరిగితే సరిచేయడానికి రెక్కల చివరలు మెలితిరగాలి కాబట్టి, అక్కడ ముందు గుంజలకూ వెనుక గుంజలకూ నడుమ తీగలు కట్టలేదు.

1903 నవంబరులో ప్రొపెల్లర్ ఇరుసు పగిలింది. బోలు గొట్టాలు తీసేసి గట్టి ఉక్కు కడ్డీలు వేశారు. డిసెంబరు 14న విల్బర్ ఎగరబోగా విమానం పడి దెబ్బతింది. బాగుచేసి 17న నాలుగుసార్లు ఎగిరారు. చివరిసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లాడు.

1908 సెప్టెంబరు 17న ఆర్విల్ నడుపుతున్న విమానంలో ప్రొపెల్లర్ చీలి, తోక తీగకు తగిలింది. విమానం కూలి ప్రయాణికుడు సెల్ఫ్‌రిడ్జ్ మరణించాడు, ఆర్విల్ కాలు విరిగింది. ఫ్రాన్స్‌లో ఉన్న విల్బర్ ఎంతో కుమిలిపోయాడు. అయినా నాలుగు రోజులకే గంటన్నర సేపు ఎగిరి లోకానికి మళ్లీ నమ్మకం కలిగించాడు. 1912 మే 30న టైఫాయిడ్‌తో 45 ఏళ్లకే కన్నుమూశాడు.

బలం అంటే అంతటా లావు చేయడం కాదు, బరువు ఎక్కడ పడుతుందో తెలుసుకుని అక్కడ ఆసరా ఇవ్వడం. మన చదువులో ఏ పాఠం ఊగుతున్నదో మనమే వెతికి, అక్కడే పట్టీ కొట్టుకుందాం.