రాయబారిగా వెళ్ళిన ఉపాధ్యాయుడు: డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్

సెప్టెంబరు 5వ తేదీ అనగానే విద్యార్థులకు తెల్లని తలపాగా ధరించిన ఒక మహనీయుని చిత్రపటం స్ఫురిస్తుంది. ఆయన గొప్ప ఉపాధ్యాయుడనీ, భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వాడనీ అందరికీ తెలుసు. ఆ రెండింటి నడుమ ఆయన దేశానికీ దేశానికీ మధ్య మాట కలిపే రాయబారిగా నిలిచి, భారతదేశపు మాటకు మన్నన సంపాదించిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక పేద తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరి, 1960లో మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష వింటూ పెరిగినవారికి ఎదుటివాని మాటను ఓపికతో వినడం చిన్ననాటి నుంచే అలవడుతుంది. ఇంట తెలుగు, సంతలోనూ కచేరీలోనూ కన్నడం వినే మిట్టేమరి పరిసరాల ప్రజలకు ఇది పరిచితమైన జీవితమే.

తిరుపతి, వేలూరు, మద్రాసులలోని క్రైస్తవ విద్యాసంస్థలలో ఆయన చదువు సాగింది. అక్కడ హిందూ ధర్మంపై విన్న విమర్శలు ఆయనను బాధించాయి. అయినా ఆయన కోపంతో బదులు పలుకలేదు. వేదాంతాన్నీ, పాశ్చాత్య తత్త్వశాస్త్రాన్నీ సమానశ్రద్ధతో అభ్యసించి, ఒకరి భావాలను మరొకరికి అర్థమయ్యే మాటలలో వివరించడం నేర్చుకున్నారు. తరువాతి జీవితానికంతటికీ అదే పునాది అయింది.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయవృత్తిని చేపట్టిన ఆయన 1918లో మైసూరు మహారాజా కళాశాలకు వచ్చారు. బాగేపల్లి సీమ ఆనాడు మైసూరు సంస్థానంలోని కోలారు జిల్లాలో భాగం. 1921లో ఆయన కలకత్తాకు తరలివెళ్ళేటప్పుడు శిష్యులు గుర్రాలను విప్పివేసి, పూలబండిని రైలుస్టేషను వరకు తామే లాగారు.

1931 నుంచి ఆయన నానాజాతి సమితి వారి మేధోసహకార సంఘంలో సభ్యులు. మేరీ క్యూరీ వంటి విద్వాంసులున్న ఆ సంఘం, దేశాల పండితులు చేయి కలిపితే శాంతి బలపడుతుందని ఆశించింది. 1939లో రెండవ ప్రపంచయుద్ధం ఆ ఆశను వమ్ము చేసింది. అయినా ఆయన ఆ మార్గాన్ని విడువలేదు. యుద్ధానంతరం యునెస్కోలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించి, 1952లో ఆ సంస్థ మహాసభకు అధ్యక్షులయ్యారు.

1949లో ప్రధాని నెహ్రూ ఆయనను సోవియట్ యూనియన్‌కు రాయబారిగా పంపినప్పుడు పలువురు ఆశ్చర్యపోయారు. దైవచింతన గల తత్త్వవేత్తకు మతాన్ని నిరాకరించే రాజ్యంలో ఏమి పని అని వారి సందేహం. అప్పటికి భారతదేశం ఇంకా ఆంగ్లేయుల నీడలోనే ఉన్నదని మాస్కో అనుమానం. మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే ఇవ్వలేదు. అటువంటి స్టాలిన్ 1950 జనవరిలో రాధాకృష్ణన్‌ను స్వయంగా పిలిపించుకున్నారు. యుద్ధంలో గెలిచి కూడా రక్తపాతానికి కలతచెంది, యుద్ధాన్నే త్యజించిన అశోకుని కథను ఆయన స్టాలిన్‌కు వినిపించారని నాటి వృత్తాంతాలు చెబుతాయి.

అదే సంవత్సరం కొరియాలో యుద్ధం చెలరేగింది. జూలైలో నెహ్రూ శాంతికోసం స్టాలిన్‌కూ, అమెరికా విదేశాంగ మంత్రి ఆచిసన్‌కూ లేఖలు వ్రాశారు. మాస్కోలో ఆ ప్రయత్నానికి రాధాకృష్ణన్ తోడ్పడ్డారు. స్టాలిన్ సుముఖత చూపగా, అమెరికా అంగీకరించలేదు. యుద్ధం 1953 వరకు సాగింది. ప్రయత్నం ఫలించకపోయినా భారతదేశం ఏ పక్షానికీ తోక కాదని ఉభయులకూ అర్థమయింది. సంధి తరువాత యుద్ధఖైదీల వ్యవహారం చూసిన తటస్థ దేశాల సంఘానికి కొడగు వీరుడు జనరల్ తిమ్మయ్య అధ్యక్షులయ్యారు.

1951లో ఆహారపు కొరత వచ్చినప్పుడు అమెరికా గోధుమలతో పాటు సోవియట్ గోధుమలు కూడా మన రేవులకు చేరాయి. కాశ్మీరు విషయంలో అంతవరకు మౌనం వహించిన సోవియట్ ప్రతినిధి 1952 జనవరిలో భద్రతామండలిలో ఇంగ్లండు, అమెరికాల వైఖరిని బాహాటంగా విమర్శించారు. ఇదంతా ఒక్కరి చలవే అనడం సత్యం కాదు. ఆయా దేశాలకు స్వప్రయోజనాలు ఉండనే ఉన్నాయి. కాని మూసి ఉన్న తలుపును తట్టి తెరిపించినవారిలో ఆయన అగ్రగణ్యులు. 1952 ఏప్రిల్‌లో, స్వదేశానికి మరలే ముందు, స్టాలిన్ ఆయనను మరల కలుసుకున్నారు.

స్నేహాన్ని నమ్మడం వేరు, ఏమరుపాటు వేరు. 1962లో ఆయన రాష్ట్రపతి అయిన కొద్దినెలలకే చైనా దండెత్తింది. ప్రభుత్వపు అతివిశ్వాసాన్నీ, అశ్రద్ధనూ ఆయన మొగమోటం లేకుండా ఎత్తిచూపారు. తన ప్రభుత్వమే అయినా తప్పును తప్పనడం ఉపాధ్యాయుని ధర్మమని ఆ పని నిరూపించింది. ఆ ఏడాదే ఆయన జన్మదినం ఉపాధ్యాయ దినోత్సవమయింది.

1967లో పదవీవిరమణ చేసి, 1975 ఏప్రిల్ 17న రాధాకృష్ణన్ పరమపదించారు. తరగతి గదిలో ఇద్దరు పిల్లలు తగవులాడుకుంటే ఉపాధ్యాయుడు మొదట ఇద్దరి మాటా వింటాడు, ఆ తరువాతే తన మాట చెబుతాడు. మాస్కోలో రాధాకృష్ణన్ చేసినది కూడా అదే. పక్కింటివాని భాషను గౌరవించడం నేర్చిన బిడ్డ, రేపు పరదేశపు గుమ్మంలో నిలిచినా స్వదేశానికి గౌరవమే తెస్తుంది. ఆ అభ్యాసానికి మొదటి మెట్టు పల్లెటూరి పాఠశాలయే.