తండ్రి నాడి పట్టిన రాకుమారి

ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మంచం పక్కన కూర్చునేది ఎవరు? అమ్మో, అక్కో, కోడలో, కూతురో! మందు ఎన్నింటికి వేశారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, అన్నం ఎంత తిన్నారు... అన్నీ వాళ్లకే తెలుసు. కానీ డాక్టరు వచ్చేసరికి మాట్లాడేది మాత్రం వేరెవరో.

తొమ్మిది వందల ఏళ్ల క్రితం ఒక రాకుమారి మంచం పక్కనే కూర్చుంది. వైద్యులతో మాట్లాడింది కూడా. చూసిందంతా రాసి పెట్టింది. ఆమె పేరు అన్నా కొమ్నీనా. ఆమె చివరి రోజుల గురించి మీకు చెప్పాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

అన్నా 1083 డిసెంబరు 1న కాన్‌స్టాంటినోపుల్‌లో పుట్టింది. అదే నేటి ఇస్తాంబుల్. తండ్రి బైజాంటిన్ చక్రవర్తి అలెక్సియస్, తల్లి మహారాణి ఐరీన్. తొలిచూలు పిల్ల. ఉయ్యాల్లో ఉండగానే, సింహాసనంలో వాటా ఉన్న కాన్‌స్టాంటైన్ అనే కుర్రాడికి ఇస్తామని మాట అనుకున్నారు. 1087లో తమ్ముడు జాన్ పుట్టాడు. అంతే, సింహాసనం ఆశ అటు తిరిగిపోయింది. కాన్‌స్టాంటైన్ కూడా చిన్న వయసులోనే పోయాడు. తర్వాత నికెఫోరస్ బ్రియెన్నియస్ అనే పెద్దింటి యువకుడితో ఆమె పెళ్లయింది.

చదువంటే అన్నాకు ప్రాణం. పాత గ్రీకు కావ్యాల్లో దేవుళ్ల కథలు ఉంటాయని, ఆడపిల్లకు అవి తగవని అమ్మానాన్నల భయం. దాంతో అంతఃపురంలోని ఒక ఉద్యోగి దగ్గర చాటుగా వ్యాకరణం నేర్చుకుందట! తర్వాత తత్వశాస్త్రం, లెక్కలు, వైద్యం... ఏదీ వదల్లేదు.

ఆ వైద్యం చదువు 1118లో అక్కరకొచ్చింది. తండ్రి మంచం పట్టాడు. ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. కూర్చునే ఉండాలి. కాళ్లు, పొట్ట వాచిపోయాయి. పేరున్న వైద్యులంతా వచ్చారు. కల్లిక్లీస్ అనే వైద్యుడు ముందే విరేచనాలకు మందు ఇవ్వాలన్నాడు. మిగతావాళ్లు వద్దన్నారు. వాళ్ల వాదనలు విని తేల్చమని మహారాణి కూతుర్నే కూర్చోబెట్టింది. తండ్రి తిండీ నీళ్లూ తనే చూసుకుంటూ, మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ అన్నా అక్కడే ఉంది. ఆగస్టు 15న ఆ నాడి ఆగిపోయింది. తల్లి జుట్టు కత్తిరించుకుని, ఊదారంగు రాజపాదరక్షలు విడిచేసి, నల్లబట్టలు కట్టుకుంది.

ఆ తర్వాతి కథే చిక్కు. తమ్ముణ్ణి దించి భర్తను గద్దెనెక్కించాలని అన్నా కుట్ర పన్నిందని, అది బెడిసికొడితే ఆశ్రమంలో పడేశారని ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. ఈ కుట్ర కథను వివరంగా రాసిన చరిత్రకారుడు నికెటస్ కోనియేట్స్. ఆయన రాసేనాటికి అన్నా చనిపోయి దశాబ్దాలు గడిచాయి. ఇప్పటి పరిశోధకుల్లో కొందరు ఆ కథను అనుమానంగానే చూస్తున్నారు.

మరి ఆ ఆశ్రమం సంగతేంటి? దాన్ని కట్టించింది వాళ్లమ్మే. పేరు కెకారిటోమెనె, అంటే దయాప్రాప్తురాలు. మరియమ్మ పేరన్నమాట. అందులో 24 మంది సన్యాసినులు ఉండాలని నియమం పెట్టింది. పక్కనే తన కుటుంబపు ఆడవాళ్ల కోసం విడిగా ఇళ్లు కట్టించింది. జబ్బు చేస్తే వచ్చే వైద్యుడు ఎలాంటివాడై ఉండాలో కూడా రాసి పెట్టింది, అంత ముందుచూపు!

అన్నా భర్త మాత్రం రాజుగారి కొలువులోనే కొనసాగాడు. చరిత్ర రాయడం మొదలుపెట్టాడు. 1138 ప్రాంతంలో సిరియా దండయాత్ర నుంచి ఒంట్లో వాపుతో తిరిగొచ్చాడు. విశ్రాంతి లేని అలసటే ఆ జబ్బుకు కారణమని అన్నా రాసింది. ఆయన పోయాడు, పుస్తకం సగంలో ఆగింది. అప్పుడు అన్నా కలం పట్టింది. యాభై దాటిన వయసులో, తండ్రి పాలన మీద పదిహేను భాగాల 'అలెక్సియాడ్' రాసింది. మొదటి క్రూసేడు సైన్యాలు తమ ఊరికి వచ్చినప్పటి సంగతులు కూడా అందులో ఉన్నాయి. ఆ పుస్తకం ఆఖరి పేజీల్లో ఉన్నది తండ్రి మరణశయ్యే.

ఇక ఆమె వంతు వచ్చింది. 1153 ప్రాంతంలో, డెబ్భై ఏళ్ల వయసులో కన్ను మూసింది. ఆ చివరి ఘడియల గురించి మనకు తెలిసేది జార్జ్ టోర్నికెస్ అనే చర్చి పండితుడు ఆమె స్మృతిలో చేసిన ప్రసంగం వల్ల. మరణశయ్య మీదే ఆమె సన్యాసం పుచ్చుకుందని అందులో ఉంది.

నన్ను ఆపేసిన మాట ఇదే. మరణశయ్య మీద! అంటే అంతకు ముందు ఆమె సన్యాసిని కాదన్నమాట. తండ్రి పోయాక ముప్ఫై ఏళ్లకు పైగా ఆమె భార్యగా, తల్లిగా, పండితులకు అండగా, రచయిత్రిగా బతికింది. ఆఖరి గడియల్లో సన్యాసం తీసుకోవడం ఆ దేశంలో రాజులకూ ఉన్న ఆచారమే, శిక్ష కాదు.

తాను దూరమైపోయానని, తండ్రి నాటి స్నేహితులతో మాట్లాడే వీలు కూడా లేకపోయిందని ఆమె తన పుస్తకంలో వాపోయింది నిజమే. ఆ దుఃఖాన్ని కాదనడం లేదు. కానీ ఓడిపోయిన కుట్రదారు, బలవంతపు సన్యాసిని అనే రెండు ముక్కల్లో ఆమె బతుకును సర్దేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ కథ చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కడైనా వింటే, సన్యాసం ఎప్పుడు తీసుకుందో ఒక్కసారి అడిగి చూడండి.